కళ్లకద్దుకోవడం నీకెవరు నేర్పారు?

చిరంజీవి బుజ్జికీ, మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్లకద్దుకుంటాం కదా, మీ క్లాసులో కొత్తగా చేరిన అబ్బాయి అలా చెయ్యలేదట, వాడికి మర్యాద తెలియదా అని అడిగావు. ముందు ఒకటి చెప్పు. నీకది ఎవరు నేర్పారు? ఎప్పుడు? గుర్తుండదులే. అమ్మ చేస్తుంటే చూశావు. ఒకసారి మరిచిపోతే నాన్నమ్మ "ఊఁ?" అని ఉంటుంది, అంతే. ఇలా చుట్టూ ఉన్నవాళ్ల నుంచి నడవడి నేర్చుకోవడాన్నే పై తరగతుల పుస్తకాల్లో సామాజీకరణ అంటారు.

రాత్రిపూట పాలు తోడు పెట్టడం చూసే ఉంటావు. కాచిన పాలు గోరువెచ్చన అయ్యేదాకా ఆగి, అరలీటరుకు ఒక చెంచా పెరుగు వేసి కలిపి, మూతపెట్టి కదపకుండా ఉంచుతారు. పొద్దుటికి పేరుకుంటుంది. పిల్లలకు నడవడి అబ్బడమూ ఇంతే. పాలు మరిగేటప్పుడే తోడు వేస్తే ఆ వేడికి పెరుగులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నలుగురిలో కేకలేసి నేర్పబోతే పిల్లవాడికి అబ్బేది భయమే. పాలు మరీ చల్లారినా పేరుకోవు, ఎవరూ పట్టించుకోని పిల్లల్లాగా. మాటిమాటికీ గిన్నె కదిపితే నీళ్లు తేలతాయి. నిన్న నవ్వి ఊరుకున్న పనికి ఇవాళ దెబ్బ వేసే ఇల్లు అలాంటిది. ఇక పులిసిన తోడు వేస్తే పెరుగూ పులుపే. "అబద్ధమాడకూడదు" అని చెప్పిన నోటితోనే, ఫోన్ మోగగానే "నేను ఇంట్లో లేనని చెప్పు" అంటారు చూడు, అందులో పిల్లలకు అంటుకునేది రెండోదే.

మా చిన్నతనంలో తోడు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లేవాళ్లం. మర్యాదలూ సగం పక్కిళ్ల నుంచే వచ్చేవి. తప్పు చేస్తే వీధిలో ఏ పెద్దాయనైనా గదమాయించేవాడు, ఇంట్లోవాళ్లు ఏమీ అనుకునేవారు కాదు.

అయితే ఈ పోలిక ఒకచోట కుదరదు. పాలు ఊరికే పడుంటాయి, పిల్లలు అలా కాదు, వెతుక్కుంటారు. అమెరికాలో ఏడాది పిల్లలతో చేసిన పరీక్ష ఒకటుంది, 1985లో అచ్చయింది. గట్టి గాజు బల్ల, దాని కింద గళ్ల గుడ్డ. సగం దాకా గుడ్డ గాజుకు ఆనుకునే ఉంటుంది, అక్కణ్నుంచి అడుగు లోతుకు దిగినట్టు కనిపిస్తుంది. పడిపోయేదేం లేదు, కానీ పిల్లకు అది తెలియదు. అవతల అమ్మ నిలబడుతుంది. నోరు విప్పకూడదు, ముఖంతోనే చెప్పాలి. అమ్మ నవ్వితే 19 మందిలో 14 మంది పాకుతూ దాటేశారు. భయపడినట్టు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాటలైనా సరిగ్గా రాని వయసు! అమ్మ ముఖంలో దారి చదువుకోవాలని ఆ చిన్న బుర్రకు ఎవరు చెప్పారంటావ్? నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ కొత్త అబ్బాయిని మాత్రం సరిదిద్దబోకు. వాళ్లింటి తోడు వేరు. మనింట్లో లేని మర్యాద ఏదో వాడి దగ్గరా ఉండే ఉంటుంది, కనిపెట్టి నాకు రాయి.

ఈలోగా చుట్టాలింట్లో ఏడాది పిల్ల ఉంటే వెళ్లి పక్కన కూర్చో. కుక్కర్ కూత పెట్టినప్పుడో, కొత్త మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడో చూడు. పిల్ల ముందు అటు చూసి, వెంటనే ఎవరి ముఖం వైపు తిరుగుతుందో గమనించు. క్షణంలో అయిపోతుంది, రెప్ప వెయ్యకు.

మీ తాతయ్య