పొలుసులో దాగిన సాల్మన్ బాల్యం

కెనడాలోని స్కీనా నదికి తిరిగివచ్చే సాకై సాల్మన్ చేపలు శతాబ్దంలో సుమారు 75 శాతం తగ్గిపోయాయని 2019లో పరిశోధకులు తేల్చారు. 1913 నుంచి భద్రపరచిన ఎండు పొలుసుల డీఎన్ఏ వారికి ఆధారమైంది. నాడు ఆ పొలుసులు ఏరినవారికి కావలసింది మాత్రం చేప వయసే.

మన గోదావరి పులసలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురీదుతుంది. దాని చిన్నతనం మీద చాలాకాలం వాదం నడిచింది. ఒంటి మీద మచ్చలతో ఏటిలో తిరిగే చిన్న చేపను వేరే జాతి అనుకునేవారు. 1830ల్లో స్కాట్లండ్‌లో జాన్ షా వాటిని చెరువుల్లో పెంచి, అవే వెండిరంగు తిరిగే సాల్మన్ పిల్లలని చూపాడు. కానీ ఏటిలో పుట్టిన ప్రతి పిల్లనూ అలా పెంచి చూడలేం కదా!

దారి చూపింది పొలుసే. పిల్ల మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగేసరికి పొలుసులు పుడతాయి. ఆ తర్వాత వాటి సంఖ్య పెరగదు, పరిమాణమే పెరుగుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే, మేత దొరికే వేసవిలో ఏర్పడిన వలయాలు ఎడంగా, చలికాలంవి ఒత్తుగా కనిపిస్తాయి. ఒత్తు పట్టీలు ఎన్నుంటే చేప అన్ని చలికాలాలు గడిపినట్టు. మధ్యలోని ఇరుకు వలయాలు ఏటి బతుకు. వాటిని దాటగానే ఒక్కసారిగా వెడల్పయ్యేవి సముద్రపు తిండి ఫలం. ఆ సరిహద్దును మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

1898లో జర్మనీలో హాఫ్‌బాయర్ కార్ప్ చేపల వయసును ఇలా లెక్కించాడు. కొద్ది సంవత్సరాలకే స్కాట్లండ్‌లో జాన్‌స్టన్ టే నది సాల్మన్‌కు ఈ పద్ధతిని వర్తింపజేశాడు. నార్వేలో కనుట్ డాల్, పసిఫిక్ తీరంలో చార్లెస్ గిల్బర్ట్ దాన్ని విస్తరించారు. సముద్రానికి వెళ్లే ముందు సరస్సులో ఒక చలికాలం గడిపిన సాకైలు ఎన్ని, రెండు గడిపినవి ఎన్ని అని గిల్బర్ట్ నది నదికీ లెక్కగట్టాడు.

వలయాల మధ్య దూరాన్ని బట్టి చేప ఏ సంవత్సరంలో ఎంత పొడవుందో కూడా లెక్కించవచ్చు. అయితే పుట్టుకతో పొలుసులు ఉండవు గనుక ఆ లెక్కను సవరించాల్సి వచ్చింది.

ఇంకో చిక్కుంది. రాలిపోయిన పొలుసు స్థానంలో కొత్తది మొలిస్తే దాని నడుమ వలయాలుండవు, ఖాళీగా ఉంటుంది. ఆ చేప బాల్యం అందులో దొరకదు. అందుకే ఒక్కో చేప నుంచి, వెన్ను రెక్క వెనుక, పక్కగీతకు (ఒంటి పక్కన పొడవునా సాగే గీతకు) కాస్త పైన, నాలుగైదు పొలుసులు తీసుకుంటారు.