వాగు నిండాక వెళ్దాంలే అనుకునేవాళ్ల కోసం

వరద ముప్పు అంచనాలు వేయడం నా పని. కార్చిచ్చు ఆరిన ప్రతిచోటా జనం అడిగేది ఒక్కటే, "ఎంత వాన పడితే వరదొస్తుందండీ?" అని. ఎంత అని కాదు, ఎంత సేపట్లో అని అడగండి.

అపోహ: రోజంతా కుండపోతగా కురిస్తేనే ప్రమాదం.

వాస్తవం: కాలిన కొండకి పావుగంట జోరువాన చాలు. మామూలు అడవిలో రాలిన ఆకులు, వేళ్లు నీళ్లని ఆపి మెల్లగా నేలలోకి దింపుతాయి. మంటల్లో అవి పోతాయి, బూడిద మట్టి రంధ్రాల్ని మూసేస్తుంది, కొన్నిచోట్ల కాలిన ఆకుల్లోని మైనపు పదార్థం ఆవిరై మట్టిలోకి దిగి నీటిని ఇంకనివ్వని పొరగా గట్టిపడుతుంది, ఇంక పడిన వాన పడినట్టే కిందకి దూకుతుంది, దూకుతూ బూడిద, మొద్దులు, కారంత బండరాళ్లు కూడా లాక్కొస్తుంది. అది నీళ్లలా పారదు, తడి కాంక్రీట్‌లా వచ్చి మీద పడుతుంది.

కాలిఫోర్నియాలోని మాంటెసీటో సంగతే చూడండి. 2018 జనవరి 9 తెల్లవారుజామున, పైన కొండల్లో థామస్ ఫైర్ అనే కార్చిచ్చు ఇంకా పూర్తిగా అదుపులోకే రాలేదు, 5 నిమిషాల్లో సుమారు అర అంగుళం వాన పడింది. 23 మంది ప్రాణాలు పోయాయి.

ఒక పెద్దాయన ఫోన్ చేసి "వాగు ఎండిపోయి ఉంది బాబూ, నీళ్లు కనబడగానే బయల్దేరతాం" అన్నారు. ఆయన గొంతులో మొండితనం కన్నా అలసటే ఎక్కువ వినపడింది, మంటలప్పుడు ఒకసారి ఇల్లొదిలి వెళ్లొచ్చారు మరి, మళ్లీ మందులూ కాగితాలూ సర్దుకోవాలంటే ఎవరికైనా విసుగే. కానీ వాన పడేది పైన కొండ మీద, ఇంటి దగ్గర చినుకు కూడా ఉండకపోవచ్చు, పైగా అర్ధరాత్రి కావొచ్చు. చప్పుడు వినపడేసరికి రోడ్డు ఉండదు. అధికారులు వెళ్లమంటే వాన మొదలవకముందే వెళ్లాలి. ఆయన ఆ సాయంత్రమే కూతురింటికి వెళ్లారు. ఆ రాత్రి ఏమీ జరగలేదు, మర్నాడు ఫోన్ చేసి నన్ను తిట్టారు కూడా! తిట్టనివ్వండి.

అపోహ: మా ఇల్లు కాలలేదుగా.
ఇల్లు కాలిందా లేదా అన్నది కాదు, ఇంటి పైన కొండ కాలిందా అని చూడండి.

అపోహ: గడ్డి మొలిచింది, గండం గడిచింది.
గడ్డి వేళ్లు వేరు, చెట్టు వేళ్లు వేరు. మొదటి రెండేళ్లు మరీ ప్రమాదం, వరద ముప్పు ఐదేళ్లదాకా కూడా ఉండొచ్చు.

అపోహ: ఇసుక బస్తాలు పేర్చాం.
అడుగులోపు నీళ్లకి పనికొస్తాయి, బండరాళ్లకి కాదు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది.
అమెరికాలో మామూలు ఇంటి పాలసీలో వరద రాదు, ప్రభుత్వ వరద పాలసీ తీసుకున్నా అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది. మేఘం చూసి కొనే వస్తువు కాదది.

ఇక వాట్సాప్‌లో తిరిగే "డ్యామ్ గేట్లు ఎత్తేశారు" మెసేజ్‌లకి నేను జవాబివ్వను, ఓపిక లేదు. ఎలాగో ఇంట్లోనే చిక్కుకుపోతే మాత్రం కారెక్కకండి, పై అంతస్తుకి, వాగుకి దూరంగా ఉన్న గదిలోకి వెళ్లండి.