బీపీ, షుగర్: కొలత తప్పితే పుట్టే అపోహలు

అనంతపురం పల్లెల్లో బీపీ, షుగర్ గురించి రచ్చకట్ట మీద వినిపించే అపోహలు చాలా వరకు కొలత దగ్గరే పుడతాయి. అసలు కొలవకపోవడం, కొలిచినా సరిగా కొలవకపోవడం, ఒక్క అంకె చూసి తీర్పు చెప్పేయడం. అందుకే ఒక్కో అపోహనూ దాని వెనకున్న కొలతతో కలిపి రాస్తున్నాం.

అపోహ: "గుండ్రాయి మాదిరి ఉండా, నాకు బీపీ యాడిదప్పా?"

బీపీ 160 దాటినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. తలనొప్పి, కళ్లు తిరగడం కోసం ఎదురుచూస్తే మొదటి లక్షణం పక్షవాతమే కావచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 31.5 కోట్ల మందికి బీపీ ఉన్నట్టు అంచనా వేసింది. ఇవి ఆసుపత్రి రిజిస్టర్లలోంచి తీసిన లెక్కలు కావు. ఇళ్లకు వెళ్లి, జబ్బుందని తెలియని వాళ్లను కూడా కొలిచి తెచ్చినవి. 30 ఏళ్లు దాటిన వాళ్లు ఏడాదికోసారి రెండూ చూపించుకోవాలి. ఏఎన్ఎం ఇంటికొచ్చినప్పుడు "మళ్లీ చూద్దాంలేమ్మా" అని పంపేయొద్దు.

అపోహ: "మొన్న 150, నేడు 130. ఈ మిషన్లన్నీ దొంగవి."

మిషన్ కంటే కొలిచే తీరులోనే తప్పులు ఎక్కువ. పొలం నుంచి గబగబా వచ్చి కూర్చోగానే పట్టీ కడితే అంకె పెరుగుతుంది. చేయి కిందికి వేలాడేస్తే పెరుగుతుంది. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడుతూ ఉన్నా, మూత్రం ఆపుకొని కూర్చున్నా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా అంతే. సరైన పద్ధతి ఇది: అరగంట ముందు నుంచి టీ, బీడీ, ఖైనీ మానాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీని చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టాలి. నిమిషం, రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి. సర్వేల్లో అయితే మూడుసార్లు కొలిచి, మొదటిది వదిలేసి, చివరి రెండింటి సగటు తీసుకుంటారు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా ఆపైనే ఉంటే అది బీపీ.

గ్లూకోమీటరుదీ ఇదే కథ. మామిడిపండో బెల్లమో తిన్న వేలిని కడగకుండా గుచ్చితే లేని షుగర్ కనిపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మీద సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మన ఎండాకాలం 40 దాటుతుంది. రేకుల ఇంట్లోనో, బండి డిక్కీలోనో పెట్టిన స్ట్రిప్పు ఎటువైపు తప్పు చూపిస్తుందో చెప్పలేం.

అపోహ: "కషాయం తాగితే 240 నుంచి 180కి దిగింది."

షుగర్ రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బాగా ఎక్కిన రోజే భయపడి కషాయం మొదలుపెడతాం. ఏమీ చేయకపోయినా తర్వాతి అంకె అంతకంటే తక్కువ రావడానికే అవకాశం ఎక్కువ, ఆ పేరు కషాయానికి పోతుంది. ఈ మోసంలో పడకుండా ఉండటానికే పరిశోధనల్లో చీటీలు వేసినట్టు జనాన్ని గుంపులుగా విడదీసి పోలుస్తారు. చెన్నై పరిశోధకులు షుగర్ అంచున ఉన్న 531 మందిని ఇలాగే విడదీసి మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. మామూలు సలహాతో సరిపెట్టిన గుంపులో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మీద గట్టిగా వెంటపడిన గుంపులో 39 మందికే వచ్చింది. పోల్చడానికి మొదటి గుంపు లేకపోతే "నడిచినా 39 మందికి వచ్చిందిగా, నడకతో లాభం లేదు" అనుకునేవాళ్లం. మందు పనిచేస్తోందో లేదో చూడాలంటే ఒక్క రోజు అంకె చాలదు, సుమారు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూడండి.

అపోహ: "రాగిసంగటి ఎంత తిన్నా షుగర్ రాదు."

రాగులు మంచివే. 100 గ్రాముల పిండిలో పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో మూడు కూడా ఉండదు. కానీ పిండిపదార్థం బియ్యంలో 78 గ్రాములైతే రాగుల్లో 67, పెద్ద తేడా కాదు. పైగా సంగటిలో బియ్యమో నూకలో పడతాయి. మడక దున్నిన కాలం నాటి ముద్ద ఈనాటి కూర్చునే పనికి ఎక్కువ. ముద్ద తగ్గించి, ఆకుకూర పప్పు పెంచండి.

అపోహ: "మా ఇంట్లో ఉప్పు తక్కువే."

నాలుకతో కాదు, ప్యాకెట్‌తో కొలవండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నలుగురికి నెలకు 600 గ్రాములు. విప్పిన రోజు ప్యాకెట్ మీద తేదీ రాసి పెట్టుకోండి. కిలో ప్యాకెట్ నెలలో అయిపోతే మనిషికి 8 గ్రాములు దాటినట్టే. ఊరగాయ లెక్క వేరు. కిలో మామిడి ముక్కలకు 200 గ్రాముల ఉప్పు వేసి, కారం, ఆవపిండి, నూనె కలిపితే రెండు కిలోల పచ్చడి అవుతుంది. అంటే పదో వంతు ఉప్పే. 15 గ్రాముల పెద్ద చెంచాడు వేసుకుంటే ఒకటిన్నర గ్రాములు.

సైంధవ లవణం కూడా సోడియమే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు బీపీకి మేలే, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

అపోహ: "నొప్పి మాత్రకూ బీపీకీ ఏం సంబంధం?"

ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో కీళ్లనొప్పులు ఎక్కువ, అంగట్లో డైక్లోఫెనాక్ కొని మింగడమూ ఎక్కువే. అది ఒంట్లో ఉప్పు, నీరు నిలిపేస్తుంది, బీపీ పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. మాత్రలు వాడుతున్నా బీపీ దిగలేదంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

అపోహ: "నార్మల్ వచ్చింది, మాత్ర మానేయొచ్చు."

ఆ నార్మల్ మాత్ర తెచ్చిందే. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర ఆపినా కొన్ని రోజులు ఒంట్లో నిలుస్తుంది. మానేసిన రెండో రోజు చూసుకుని "బాగానే ఉందే" అనుకుంటే పొరపాటు, ఆ తర్వాత చప్పుడు లేకుండా ఎక్కుతుంది. బరువు, ఉప్పు తగ్గి బీపీ చాలాకాలం అదుపులో ఉంటే డాక్టరే మోతాదు తగ్గిస్తారు. సుగ్గి అయ్యాక బెంగళూరుకు కూలికి పోయేవాళ్లు నెలకు సరిపడా మాత్రలు, మందుల పేర్లున్న చీటీ మూటలో పెట్టుకొని పోవాలి. ఆ చీటీ చూపిస్తే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మందు కొనసాగించమని అడగవచ్చు.