చేయి చాచినంత దూరంలో

ప్రియమైన పిల్లలకు,

మీరు రంగులు వేసిన బొమ్మ సైనికుల ఫొటోలు రెండుసార్లు చూశాను. ఒకసారి కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా, మరోసారి ఫోనును చేయి చాచినంత దూరంలో పట్టుకుని. దగ్గరగా చూసినప్పుడు మీ కష్టమంతా కనిపించింది. బొత్తాలకు రంగు వేశారు, పట్టీలకు వేశారు, ఒక సైనికుడికైతే కనుబొమలు కూడా దిద్దారు. చేయి చాచి చూసేసరికి అవేవీ లేవు. ముదురు రంగు ముద్దలు పన్నెండు, నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్ బిళ్లల మీద నిలబడి ఉన్నాయి.

"ఇంత శ్రద్ధగా వేసినా బల్ల మీద పెడితే ఎందుకు వెలవెలబోతున్నాయి?" అని అడిగారు కదా. బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధం ఆట ఆడేవాళ్లు 28 మిల్లీమీటర్ల బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని చూడరు. రెండు మూడు అడుగుల దూరం నుంచి, పైనుంచి, గుంపుగా చూస్తారు. మీరు మాత్రం దాన్ని ముక్కు దగ్గరే పెట్టుకుని రంగులు వేశారు. నేనూ చాలాకాలం అదే చేశాను.

ఇంకో సంగతి. మనిషి కోటు మీద ముడత పడితే అందులో నీడ నిలుస్తుంది. అదే ముడత అరవై రెట్లు చిన్నదైతే నీడ కంటికి ఆనదు. గదిలోని దీపం బొమ్మ కోసం తనను తాను కుదించుకోదు కదా! అందుకే ఆ నీడను, ఆ వెలుగును మనమే రంగుతో పెట్టాలి, అదీ ఉండాల్సిన దానికంటే కాస్త గట్టిగా పెట్టాలి. దగ్గర నుంచి 'అయ్యో, ఎక్కువైంది' అనిపించిన వెలుగే బల్ల మీద సరిపోతుంది.

రంగుకు ముందు చేసే పని గురించి క్లుప్తంగా చెబుతాను. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట బొమ్మ మీద సన్నని గీత ఉంటుంది. చాకు వెనుక వైపుతో దాన్ని మెల్లగా గీకేయండి. రెసిన్ బొమ్మలైతే అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ఉంటుంది, గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగండి. రెసిన్‌ను పొడిగా అరగదీయకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకుని తడి కాగితంతో రుద్దండి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండవచ్చు, వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మరవకండి. చాకు పెద్దవాళ్ల ఎదుటే వాడండి.

ప్రైమర్, అంటే రంగు పట్టడానికి అడుగున వేసే మొదటి పూత విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక వాన రోజున, ఆత్రం ఆపుకోలేక, వరండాలో నిలబడి ఇరవై బొమ్మలకు స్ప్రే కొట్టాను. ఆరాక చూస్తే ఒక్కొక్కటి ఇసుక కాగితంలా గరగరలాడుతోంది. గాలిలో తేమ ఎక్కువైనా, డబ్బాను మరీ దూరంగా పట్టుకున్నా ఇలాగే జరుగుతుంది. దూరం ఎక్కువైతే రంగు బొమ్మను చేరేలోపే సగం ఆరిపోయి పొడిలా అంటుకుంటుంది. జానెడు కంటే కాస్త ఎక్కువ దూరంలో, అంటే 20 నుంచి 30 సెంటీమీటర్లలో పట్టుకుని, చేయి ఆపకుండా పలుచటి పొరలు కొట్టండి. అదీ పొడిగా ఉన్న రోజున, ఆరుబయట. నల్లది కొట్టి ఆరాక పైనుంచి మాత్రమే తెల్లది పలుచగా చల్లి చూడండి. ఎండ పడే చోట్లు తెల్లగా, నీడ చోట్లు నల్లగా మిగులుతాయి. వెలుగు ఎక్కడ పెట్టాలో బొమ్మే మీకు చూపిస్తుంది.

ఇక మీ బొమ్మల అసలు జబ్బుకు వస్తాను. ఫొటోలో మూడో సైనికుడి ముఖం చూడండి. ముక్కుకీ చెంపకీ మధ్య ఉండాల్సిన పల్లం పూడిపోయింది. రంగును డబ్బాలోంచి తీసినది తీసినట్టే పూశారు. ఒక పొరతోనే కప్పేయాలన్న తొందర అది. చుక్క రంగును పలక మీద వేసి, తడి కుంచెతో నీరు కలుపుతూ, పలుచటి పాలలా జారేదాకా కలపండి. మొదటి పొర వేశాక కింది ప్రైమర్ మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, మనసు చివుక్కుమంటుంది. ఆగండి. పూర్తిగా ఆరనిచ్చి రెండో పొర వేయండి. అప్పుడు రంగు నిండుగా వస్తుంది, ముక్కు ముక్కులాగే ఉంటుంది. పసుపు, తెలుపు లాంటి రంగులు రెండు పొరలతో కూడా కప్పవు. పసుపు కింద ముందుగా లేత గోధుమరంగు వేయండి, తెలుపు కింద లేత బూడిదరంగు వేయండి. సగం శ్రమ తగ్గుతుంది.

రంగు పలక మీద త్వరగా ఎండిపోతోందని కూడా రాశారు. మూత ఉన్న పల్లపు డబ్బాలో తడిపిన స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్‌కు వాడే కాగితం వేయండి. ఆ కాగితం మీద కలిపిన రంగు గంటల తరబడి తడిగా ఉంటుంది. దీన్నే వెట్ ప్యాలెట్ అంటారు. కొనక్కరలేదు.

కుంచెల దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు. బొమ్మ చిన్నది కాబట్టి కుంచె కూడా వెంట్రుకంత ఉండాలనుకుంటారు. అంత చిన్న కుంచెలో రంగు నిలవదు, బొమ్మను చేరేలోపు కొసలోనే ఆరిపోతుంది. కొస చక్కగా కూడుకున్న ఒకటో నంబరు కుంచెతో దాదాపు అన్ని పనులూ అవుతాయి. రంగు లోహపు తొడుగు దాకా ఎక్కనివ్వకండి. అక్కడ ఎండిన రంగు వెంట్రుకలను విడదీసి, కుంచెను చీపురు చేస్తుంది. పని అయ్యాక సబ్బుతో కడిగి, వేళ్లతో కొసను దిద్ది ఉంచండి. కొందరు కొసను నోట్లో పెట్టి దిద్దుతారు, మీరు ఆ అలవాటు చేసుకోకండి.

ఇప్పుడు ఒకే ఒక్క సైనికుణ్ణి తీసుకుందాం. మీరు వేసింది 1815 నాటి వాటర్లూ యుద్ధంలోని బ్రిటిష్ పదాతి కదా. వాళ్ల కోటు ఎరుపు. కానీ అందరి ఎరుపూ ఒకటి కాదు. మామూలు సిపాయి కోటుకు మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల అద్దకం, అందుకే అది ఇటుకరాయి ఎరుపు. అధికారి కోటుకు కొచినీల్ అనే పురుగు నుంచి తీసిన రంగు, అది నిప్పులాంటి ఎరుపు. మీ దళంలో అధికారిని ఒక్కణ్ణి ప్రకాశవంతమైన ఎరుపుతో వేసి చూడండి. మూడడుగుల దూరం నుంచి కూడా 'నాయకుడు వీడే' అని తెలిసిపోతుంది. చరిత్ర పుస్తకాలు చదివితే ఇలాంటి లాభాలు కూడా ఉంటాయి!

సిపాయి కోటుకు ముందుగా ఇటుక ఎరుపు రెండు పలుచటి పొరలు. ఆరాక ముదురు గోధుమరంగు వాష్. వాష్ అంటే నీళ్లలాంటి రంగు. మిట్టల మీద నుంచి జారి పల్లాల్లో చేరుతుంది, ముడతలన్నీ ఒక్కసారిగా తేలుతాయి. దాన్ని మొదటిసారి వేసిన రోజు నేను గెంతులు వేశాను. మరునాడు చూస్తే కోటు వెనుక చెరువు ఎండిపోయినట్టు వలయం. వాష్ ఎక్కడ మడుగు కట్టినా, అది ఆరకముందే పొడి కుంచె కొసను తాకించి పీల్చేయండి. ఆరడం మొదలయ్యాక మాత్రం ముట్టుకోకండి, గోకినట్టు అవుతుంది.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మీరూ ఇక్కడే ఆపారు. వాష్ వేశాక బొమ్మ మొత్తం ఒక మెట్టు చీకటిగా మారుతుంది. ఆ చీకటినే మీరు దూరం నుంచి ముద్దగా చూశారు. మొదట వేసిన ఇటుక ఎరుపునే మళ్లీ తీసుకుని, పల్లాలను వదిలేసి మిట్టల మీద మాత్రమే వేయండి. తరవాత అదే ఎరుపులో కాస్త నారింజ కలిపి భుజాల పైభాగం, మోచేయి, ముడతల అంచులు తాకండి. ఎరుపును వెలిగించడానికి తెలుపు కలిపితే గులాబీ రంగు అవుతుంది, సిపాయి పెళ్లికి వెళ్తున్నట్టుంటాడు. టోపీకి కూడా అచ్చమైన నలుపు వేయకండి. నలుపు కంటే ముదురుగా వేయగలిగిన నీడ ఏదీ లేదు. బాగా ముదురు బూడిదరంగు వేసి, అంచులకు లేత బూడిద గీయండి. అది నల్లగానే కనిపిస్తుంది, ఆకారమూ కనిపిస్తుంది. ఎదుటి పక్షంలో మీరు వేయబోయే ఫ్రెంచివాళ్ల ముదురు నీలం కోటుకూ ఇదే మాట వర్తిస్తుంది. పుస్తకంలో ఉన్నంత ముదురుగా వేస్తే బల్ల మీద నల్లకోటే అవుతుంది. ఒక మెట్టు లేతగా వేయండి.

ఛాతీ మీద అడ్డంగా ఉండే తెల్ల పట్టీలను శుభ్రంగా వేస్తే చాలు, దూరం నుంచి బొమ్మకు ప్రాణం వస్తుంది. గీత వంకర పోతే పక్కనున్న ఎరుపుతో సరిదిద్దుకోండి. కళ్ల సంగతి? వదిలేయండి. కంటి గుంటలో వాష్ నీడ ఉంటే చాలు. గుడ్లు మిటకరించిన సిపాయి కంటే నీడ కళ్ల సిపాయి ఎంతో మేలు.

ఇన్ని మెట్లూ పన్నెండు మందికీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు ఒక్కణ్ణి చివరిదాకా పూర్తి చేయండి. రంగులు నప్పాయా లేదా అక్కడే తేలిపోతుంది. ఏ రంగు తరవాత ఏ రంగు వేశారో కాగితం మీద రాసుకోండి. తరవాత ఆరుగురిని వరుసగా నిలబెట్టి, ఆరుగురికీ కోట్లు, ఆరుగురికీ పంట్లాలు, అలా వెళ్లండి. ఆరో కోటు అయ్యేసరికి మొదటిది ఆరి ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం: కాళ్ల కింది నేల. మంచి బేస్ మీద నిలబెట్టిన నాసిరకం బొమ్మ కంటికి ఆనుతుంది. నల్ల బిళ్ల మీద నిలబెట్టిన మేలిరకం బొమ్మ ఎప్పటికీ సగం పనిలాగే ఉంటుంది. ఇది నా అభిప్రాయం, వాదించేవాళ్లు వాదించవచ్చు.

బేస్ మొదలుపెట్టే ముందు 'ఇది ఏ నేల?' అని అడగండి. వాటర్లూ యుద్ధం జరిగింది జూన్ 18న. ముందు రాత్రి కుండపోత వాన. నేల కాస్త ఆరాలని నెపోలియన్ దాడి మొదలుపెట్టడానికి ఆగాడు. ఆ పొలాల్లో నిలువెత్తు రై పైరు, అంటే గోధుమ లాంటి ధాన్యపు పైరు ఉండేది, సైనికుల బూట్ల కింద నలిగిపోయింది. అంటే మీ సిపాయి నిలబడింది ఎండిన ఎడారి ఇసుక మీద కాదు, పచ్చిక బయలు మీదా కాదు. బురద, నలిగిన పైరు.

చెక్క అతికించే తెల్ల జిగురును బేస్ మీద పూసి, సన్నని ఇసుక చల్లండి. అంతా ఒకే రకం గింజ అయితే ఇసుక కాగితం అతికించినట్టుంటుంది. అక్కడక్కడ ముతక ఇసుక, ఒకటి రెండు గులకరాళ్లు పెట్టండి. రాయి పరిమాణం లెక్క వేసుకోండి. ఐదు మిల్లీమీటర్ల రాయి ఈ సిపాయికి అడుగు ఎత్తు బండ. అలాంటివి బేస్‌కు ఒకటి చాలు, నాలుగు పెడితే రాళ్ల గుట్ట ఎక్కినట్టే. జిగురు బాగా ఆరాక, అదే జిగురును నీళ్లలో కలిపి ఇసుక మీద చుక్కలుగా వేస్తే గింజలు కదలవు. ఈ పని మానేస్తే ఇసుక రాలిపోతుంది.

తరవాత ముదురు గోధుమరంగు, నీళ్లగా, గింజల మధ్యలోకి దిగేలా వేయండి. ఆరాక డ్రై బ్రషింగ్. అరిగిపోయిన వెడల్పు కుంచెను లేత గోధుమరంగులో ముంచి, కాగితం మీద ఇంచుమించు ఏమీ అంటుకోనంత వరకు తుడవండి. 'ఇక ఇందులో రంగు లేదు' అనిపించినప్పుడు బేస్ మీద అటూ ఇటూ తేలికగా ఊపండి. ఇసుక గింజల తలలు మాత్రమే వెలుగుతాయి. మంచి కుంచెను ఈ పనికి వాడారో, దాని కొస ఇక ఒకచోట కూడుకోదు.

గడ్డిని బేస్ అంతటా పరచకండి. మూడో వంతు చాలు. అదీ రాయి పక్కన, అంచున, గుత్తులుగా. నాలుగు మిల్లీమీటర్ల గడ్డి అంటే సిపాయికి పిక్కల దాకా వస్తుంది. ఆకుపచ్చ ఒక్కటే కాకుండా ఎండు గడ్డి రంగు కూడా కలపండి. నలిగిన పైరు కోసం అలాంటి ఎండు పోగులను నేలకు అంటేలా పడుకోబెట్టి అతికించండి. ఒకటి రెండు పల్లాల్లో మెరిసే వార్నిష్ చుక్క వేస్తే వాననీళ్ల గుంట అవుతుంది.

చివరగా, బేస్‌కు వాడిన గోధుమరంగునే కుంచె కొసతో తీసి, బూట్ల మీద, పంట్లం అంచుల మీద పొడిచినట్టు అద్దండి. ఇంతవరకు బొమ్మ వేరు, నేల వేరు. ఆ బురద అంటగానే సిపాయి అక్కడ నడిచి వచ్చినట్టు ఉంటాడు. ఒక్క నిమిషం పని, ఇంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి నాకు తెలియదు.

బేస్ అంచు మాత్రం ఒకే రంగుతో నున్నగా వేయండి. దళం మొత్తానికి అదే రంగు ఉండాలి. దూరం నుంచి చూసినప్పుడు పన్నెండు మందిని ఒక దళంగా కలిపేది కోటు రంగు ఎంతో, ఈ అంచు కూడా అంతే. పైన మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని వార్నిష్ కొట్టేటప్పుడు వాన రోజు కథ గుర్తుంచుకోండి. తేమలో కొడితే తెల్లటి పొగలా పేరుకుంటుంది. మెరిసే గుంటల మీద వార్నిష్ చుక్కలు ఆఖరున వేసుకోవాలి, లేకపోతే మ్యాట్ కింద అవి మసకబారిపోతాయి.

పాత పన్నెండు మంది రంగు గీకేయాలా అని మీ ఇద్దరిలో చిన్నవాడు అడిగాడు. వద్దు. వాళ్లకు మిట్టల మీద వెలుగు పెట్టి, బేస్ చేసి, బూట్లకు బురద అంటించండి. ముక్కు పూడిపోయిన ఆ మూడోవాణ్ణి వెనుక వరుసలో నిలబెట్టండి. పూర్తయ్యాక మళ్లీ ఫొటో తీసి పంపండి, ఈసారి చేయి చాచి తీయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య