పడవ అదే, బొమ్మలు వేరు

బరంపురం ఠాకురాణి యాత్రలో వెలిసే ఎగ్జిబిషన్ అయినా, కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ అయినా, యంత్రం అరగకముందే కథ అరిగిపోతుంది. యంత్రం ఖరీదు, కథ చవక. అందుకే నిర్వాహకులు ముందు చవకదానిమీదే చెయ్యి వేస్తారు: మొదట మాటలు, తర్వాత బోర్డు, ఆ తర్వాత బొమ్మ చేతిలోని వస్తువు, తప్పకపోతే బొమ్మ. పడవ నడిచే కాలువ జోలికి దాదాపు ఎవరూ పోరు. ఆడవాళ్లనీ, నల్లవాళ్లనీ, ఆదివాసులనీ కించపరుస్తున్నాయన్న పాత దృశ్యాలని డిస్నీ పార్కుల్లో మార్చడం మీద రేగిన గొడవ అర్థం కావాలంటే ఈ వరస తెలియాలి.

1967 మార్చి 18న డిస్నీలాండ్‌లో 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' మొదలైంది. పడవలో కూర్చుంటే రెండు పక్కలా సముద్రపు దొంగలు ఊరిని దోచుకుంటూ కనిపిస్తారు. ఒకచోట ఆడవాళ్లని తరుముతుంటారు. బొమ్మలకు నడక రాదు కదా. గుండ్రంగా తిరిగే చక్రం మీద ముందు ఆడబొమ్మని, వెనక మగబొమ్మని బిగించారు. మోటారు తిరిగినంతసేపూ తరమడమే. విమర్శలు వచ్చాక 1997లో ఆడబొమ్మల చేతుల్లో తిండి పళ్లేలు పెట్టారు, దొంగలు ఆకలికొద్దీ వెంటపడుతున్నట్టు. అది అతికీ అతకని మాటు. చక్రం తిరిగే దిశ మారలేదు, వెంటపడేది మగవాడే. చూసేవాళ్ల కంటికి పళ్లెం కన్నా పరుగే ముందు ఆనుతుంది.

ఇంకో దృశ్యం ఆడవాళ్ల వేలం. తాడుతో కట్టిన ఆడవాళ్లు, పైన పెళ్లాన్ని కొనుక్కోమనే బోర్డు, మధ్యలో ఎర్రజుట్టు అమ్మాయి. ఇక్కడ మరమ్మతు లోతుగా జరిగింది. 2017లో పారిస్ డిస్నీ పార్కులో, 2018 మార్చిలో ఫ్లోరిడా పార్కులో, జూన్‌లో కాలిఫోర్నియాలో ఆ అమ్మాయి తుపాకీ పట్టిన దొంగగా మారింది. ఇప్పుడు వేలానికి వచ్చేది ఊరివాళ్ల సొత్తు. ఇలాంటి పనిలో బట్టలు మార్చడం తేలికే. బొమ్మ దవడ కదలికలని రికార్డు చేసిన మాటలకి సరిపోయేలా అమరుస్తారు. మాట మారితే కదలిక మొత్తం మళ్లీ కట్టాలి, లేకపోతే పెదవి కలవని డబ్బింగు సినిమా అవుతుంది.

'జంగిల్ క్రూయిజ్'కి ఆ బాధ లేదు, పడవ నడిపే మనిషే మాట్లాడతాడు. 1955 జూలై 17న పార్కుతోపాటే మొదలైన ఈ షికారులో మాటలు ఎన్నోసార్లు మారాయి, బొమ్మలు దశాబ్దాలు కదల్లేదు. ఖడ్గమృగం తరిమితే స్తంభం ఎక్కిన గుంపు ఒకటి ఉండేది: అందరికన్నా పైన తెల్లదొర, కింద కొమ్ముకి అందేంత దూరంలో మోతగాళ్లు. ఎవరు పైన, ఎవరు కింద అన్నదే అక్కడ కథంతా. 2021 జూలై 16న తిరిగి తెరిచినప్పుడు స్తంభం మీద వేరువేరు దేశాల అన్వేషకులు ఉన్నారు. తలకాయల బేరగాడు 'ట్రేడర్ శామ్' బొమ్మ పోయింది.

వేరే జనాన్ని వింతగా చూపించే ఈ చూపు డిస్నీ కనిపెట్టింది కాదు. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్పీన్స్ ఇగొరోట్ జనాన్ని తెచ్చి గుడిసెల్లో కూర్చోబెట్టి చూపించారు. రాయగడ, కోరాపుట్ వాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. చాటికొన బుధవారం సంతకి డొంగ్రియా కొంధులు, ఒనుకుడెల్లి గురువారం సంతకి బోండాలు సరుకు అమ్ముకోవడానికి వస్తే, వాళ్లని ఫొటో తీసుకోవడానికి జీపులు వచ్చేవి. 2012లో ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది.

పేరుతో సహా మారింది 'స్ప్లాష్ మౌంటెన్'. 1989లో తెరిచిన ఈ రైడుకి కథ 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ద సౌత్' నుంచి వచ్చింది. తోటల్లో నల్లవాళ్ల బతుకుని తియ్యగా చూపించిందని విడుదలైన ఏడాదే ఆ సినిమాని తప్పుపట్టారు. రైడులో ముసలి కథకుణ్ణి తీసేసి, కథలో కుందేలుని పట్టడానికి వాడే తారుబొమ్మ బదులు తేనెపట్టు పెట్టి జాగ్రత్తపడ్డారు. బొమ్మలు చాలావరకు 1988లో మూసేసిన 'అమెరికా సింగ్స్' అనే డిస్నీలాండ్ బొమ్మల పాటల ప్రదర్శన నుంచి తెచ్చినవే. 2020 జూన్‌లో మార్పు ప్రకటించారు; ఫ్లోరిడాలో 2023 జనవరిలో మూసి, 2024 జూన్ 28న డిస్నీ నల్లజాతి రాకుమారి టియానా పేరుతో 'టియానాస్ బయూ అడ్వెంచర్'గా తెరిచారు. సుమారు 50 అడుగుల జారుడు మాత్రం అక్కడే ఉంది.

మన సర్కస్ గుడారాలకి ఇంత వ్యవధి దొరకలేదు. ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ఆటని 1998లో కేంద్రం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2011లో పిల్లలతో పని చేయించడం కూడా ఆగింది. రెండూ న్యాయమే. కానీ ప్రదర్శనకి ఆ జంతువులే మూలధనం, వాటి స్థానంలో పెట్టడానికి యజమాని దగ్గర ఏమీ లేదు.

నాగకన్య గుడారం సంగతి వేరు. మూడు కాళ్ల బల్ల, కాళ్ల మధ్య నిలబెట్టిన రెండు అద్దాలు, బల్లకి చేసిన కంతలోంచి అమ్మాయి తల; ఒళ్లు అద్దాల వెనక దాగుతుంది. 1865లో లండన్‌లో 'స్ఫింక్స్' పేరుతో చూపించిన కిటుకే ఇది. అద్దాల్లో కనపడే పక్క తెర, వెనక తెర ఒకే తానులోంచి కోసినవి కావాలి. రంగు తేడా వచ్చినా, అద్దం మీద వేలిముద్ర పడినా గుట్టు బయటపడుతుంది. శాపం తగిలి పామైపోయిందన్న కథంతా టేపులోనూ ముందు కట్టిన గుడ్డ బోర్డులోనూ ఉంది, అద్దాల్లో లేదు. ఆ రెండూ మార్చి దీన్ని మామూలు ఇంద్రజాలంగా చూపించవచ్చు, బల్ల కదపనక్కర్లేదు.