బోర్షగోవ్‌స్కీ మీద 'ప్రావ్దా' వేటు: తెర వెనుక ఏం జరిగింది?

1949 జనవరి 28న సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'ప్రావ్దా'లో సంతకం లేని వ్యాసమొకటి వచ్చింది. నాటక విమర్శకుల్లో దేశభక్తి లేని ముఠా ఒకటి పనిచేస్తోందని దాని ఆరోపణ. యుజోవ్‌స్కీ, గుర్విచ్, ఆల్ట్‌మన్, మల్యూగిన్ తదితరులతో పాటు అలెగ్జాండర్ బోర్షగోవ్‌స్కీ పేరూ అందులో ఉంది. వేటుపడ్డవాళ్లలో ఎక్కువమంది యూదులే. అయినా దాన్ని ఒట్టి యూదు వ్యతిరేక ప్రచారంగా చూస్తే సగమే అర్థమవుతుంది. మిగతా సగం నాటకాల కోటాలో ఉంది.

బోర్షగోవ్‌స్కీ 1913లో ఉక్రెయిన్‌లోని బేలయ త్సేర్కవ్‌లో పుట్టారు. కీవ్‌లో చదువుకుని, యుద్ధం ముగిశాక మాస్కోలోని ఎర్రసైన్యం కేంద్ర థియేటర్‌లో సాహిత్య విభాగం బాధ్యతలు తీసుకున్నారు. వచ్చిన నాటకాలు చదవడం, రచయితతో కూర్చుని తిరగరాయించడం, సెన్సారు అనుమతి తెప్పించడం ఆ ఉద్యోగంలో పని. కాబట్టి నాటకం ఎక్కడ కుంటుతుందో చేతి పనిగా తెలిసిన విమర్శకుడు ఆయన.

1946 ఆగస్టు 26న పార్టీ కేంద్ర కమిటీ థియేటర్ల ప్రదర్శనల మీద తీర్మానం చేసింది. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో నడుస్తున్న 20 నాటకాల్లో సమకాలీన సోవియట్ జీవితం మీద ఉన్నవి 3, వఖ్తాంగోవ్ థియేటర్‌లో 10కి 2 అని లెక్క చెప్పింది. ఇకపై ప్రతి థియేటరూ ఏటా కనీసం రెండు మూడు కొత్త సోవియట్ నాటకాలు వేయాలంది. గడువు ముంచుకొస్తుంటే మంచి నాటకం దొరకదు, దొరికినదే వేయాలి. పైగా ప్రతి ప్రదర్శన వసూళ్లలో రచయితకు వాటా ఉంటుంది. బాగాలేదని రాసిన సమీక్ష నేరుగా జేబుకే తగులుతుంది.

నాటకకర్త సఫ్రోనోవ్ రాసిన 'మాస్కో స్వభావం' నాటకం ఈ కోవలోదే. ఫ్యాక్టరీ డైరెక్టరు తన ఉత్పత్తి ప్లానే చూసుకుని, బట్టల మిల్లుకు కావలసిన యంత్రం చేయనంటాడు. పార్టీ బుద్ధి చెబుతుంది. మాలీ థియేటర్ వేసింది, స్టాలిన్ బహుమతీ వచ్చింది. బోర్షగోవ్‌స్కీ దాన్ని విమర్శించారు. 'ప్రావ్దా' ఆయన మీద మోపిన ప్రధాన నేరం అదే. సఫ్రోనోవ్ అప్పటికి రచయితల సంఘంలో చక్రం తిప్పుతున్నవాడు. 1948 డిసెంబరులో ఆ సంఘం ప్లీనంలోనే (పాలకవర్గ విస్తృత సమావేశంలోనే) విమర్శకుల మీద దాడికి దిగాడు.

వ్యాసం తర్వాత జరిగేది దాదాపు ఒకే వరసలో ఉండేది: మిగతా పత్రికలు అందుకుంటాయి, సభ పెడతారు, స్నేహితులే లేచి తిడతారు, పార్టీ నుంచి గెంటేస్తారు, కొలువు పోతుంది, ఏ పత్రికా అచ్చు వేయదు. కలం పేర్ల పక్కన బ్రాకెట్లలో యూదు ఇంటిపేర్లు అచ్చువేయడం కూడా అప్పటి పద్ధతే. విమర్శకులను ఖండిస్తూ ఫిబ్రవరిలో ప్రసంగించిన ప్రముఖ రచయిత కాన్‌స్తాంతిన్ సీమోనోవే, చాటుగా బోర్షగోవ్‌స్కీకి డబ్బు సర్దాడు. ఆ కాలపు మనిషిని ఒక్క మాటలో తేల్చలేం.

విమర్శ రాసే దారి మూసుకుపోయాక బోర్షగోవ్‌స్కీ నవలకు కూర్చున్నారు. 1854లో క్రిమియా యుద్ధ సమయాన, రష్యా తూర్పు కొసనున్న కంచట్కా తీరంలో పెత్రొపావ్లవ్‌స్క్ రేవు రక్షణ మీద రాసిన 'రష్యన్ పతాకం' 1953లో వెలువడింది.

ఈలోగా 1952 ఏప్రిల్ 7న అదే 'ప్రావ్దా', నాటక రచన వెనకబడిందనీ, సంఘర్షణ లేని నాటకాలు రంగస్థలాన్ని చప్పబరుస్తున్నాయనీ సంపాదకీయం రాసింది. మూడేళ్ల కిందట ఆ మాటన్నందుకే పని పోగొట్టుకున్న విమర్శకులకు క్షమాపణ మాత్రం లేదు. వాళ్ల మీద విరుచుకుపడ్డ నాటకకర్తల్లో ఒకడైన సూరోవ్‌ను 1954లో రచయితల సంఘం నుంచి బహిష్కరించారు. అతని పేరుతో ఆడిన నాటకాలు వేరేవాళ్లు రాసిపెట్టినవన్న గొడవ అప్పటికే బయటపడింది. రాసిపెట్టినవాళ్లలో 1949లో వేటుపడ్డ విమర్శకుడు వర్షావ్‌స్కీ కూడా ఉన్నాడంటారు.