రాగిరేకు మీద కొత్త రాజుగారి ముఖం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రాజుగారి బొమ్మ అనగానే మీకు కిరీటం, సింహాసనం గుర్తొస్తాయి కదా. అవేవీ లేని బొమ్మ ఒకటి ఉంది. 1531లో జర్మనీకి చెందిన బార్తెల్ బేహమ్ రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన ఫెర్డినాండ్ రాజు బొమ్మ అది. నెత్తిన టోపీ, ఛాతీ వరకే రూపం. ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు.

ముందు పనితనం చెప్తాను. మనవాళ్లు స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించరూ, ఆ బాపతే ఇదీ. కాకపోతే ఇక్కడ మిషను లేదు. బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు ఉలిని అరచేత్తో ముందుకి తోస్తే రాగి సన్నటి తీగలా లేస్తుంది. గీత వంపు తిరగాలంటే తిప్పాల్సింది ఉలిని కాదు, రేకుని. అందుకే దాన్ని తోలు దిండు మీద పెట్టుకుంటారు. చెక్కడం అయ్యాక రేకంతా సిరా పులిమి, పైపైన తుడిచేస్తే గాళ్లలో మాత్రం మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. కుడిది ఎడమ అవుతుంది కాబట్టి అక్షరాలన్నీ తిరగేసి చెక్కాలి. ఈ బొమ్మ కింద లాటిన్ పద్యం, రాజుగారి వయసు, సంవత్సరం ఉన్నాయి. అన్నీ అలా అద్దంలో రాసినట్టు చెక్కినవే! ఒక్క గీత జారినా, రాగిని గీకి, నున్నగా రుద్ది మళ్లీ మొదలెట్టాలి. తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఇప్పుడు ముఖం చూడండి. కింది పెదవి ముందుకొచ్చి, నోరు కాస్త తెరుచుకుని ఉంటుంది. ఆయన పుట్టిన హాబ్స్‌బర్గ్ రాజవంశంలో తరతరాలుగా వచ్చిన దవడ అది. బేహమ్ దాన్ని సరిచేసి అందగాణ్ణి చెయ్యలేదు. ఈ బొమ్మ నాకు నచ్చేది అందుకే. ఆ వంశపు పోలికే రాజుగారికి పనికొచ్చింది కూడా. పద్యం ఏమంటుందంటే, పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి చార్లెస్ తరవాతి స్థానం ఫెర్డినాండ్‌దే, ఆయన ముఖం ఇదిగో ఇలా ఉంటుంది అని. చార్లెస్ ఆయనకి స్వయానా అన్న. తమ్ముడు స్పెయిన్‌లో, అన్న నెదర్లాండ్స్‌లో పెరిగారు. 1517 దాకా ఒకరినొకరు చూసుకోనేలేదు!

ఇంత పరిచయం ఎందుకంటారా? 1526లో మోహాచ్ యుద్ధంలో బావమరిది, హంగరీ రాజు లూయీ చనిపోయాక ఫెర్డినాండ్ బొహీమియాకి, హంగరీకి రాజయ్యాడు. 1529లో టర్కీ సుల్తాన్ సులేమాన్ సైన్యం ఫెర్డినాండ్ ఏలుబడిలోని వియన్నా గోడల దాకా వచ్చి వెనుదిరిగింది. 1531 జనవరిలో ఫెర్డినాండ్‌ని 'రోమన్ల రాజు'గా ఎన్నుకున్నారు, అంటే అన్న తరవాత చక్రవర్తి కాబోయేవాడని. అప్పటికి ఆయనకి ఇంకా 28 నిండలేదు. ఆ ఎన్నిక చెల్లదని జర్మనీలోని సాక్సనీ పాలకుడు అడ్డం తిరిగాడు. ఫొటోలు లేని రోజుల్లో కొత్త రాజు ముఖం ఊరూరా తెలియాలంటే ఇలాంటి అచ్చుబొమ్మలే దిక్కు.

అసలు తమాషా చెక్కినాయన సంగతి. 1525లో న్యూరెంబర్గ్ నగరసభ బేహమ్‌నీ, అతని అన్న జెబాల్డ్‌నీ, గేయార్గ్ పెంట్స్‌నీ పిలిచి విచారించింది. మతాన్నీ, సభ అధికారాన్నీ లెక్కచెయ్యడం లేదని ఊరి నుంచి వెళ్లగొట్టింది. 'దేవుడు లేని చిత్రకారులు' అని పేరు పడింది వాళ్లకి. అలాంటివాడు తరవాత మ్యూనిక్ చేరి బవేరియా ప్రభువుల కొలువులో కుదిరి, ఏలికల ముఖాలే చెక్కాడు. ఆ ప్రభువులు మాత్రం తక్కువ తిన్నారా? 1531 అక్టోబరులో వాళ్లూ ఫెర్డినాండ్ ఎన్నికని వ్యతిరేకించేవాళ్లతో చేతులు కలిపారు!

అదే ఏడాది బేహమ్ చార్లెస్ బొమ్మా చెక్కాడు. బ్రిటిష్ మ్యూజియం సైటులో రెండూ వెతికి, పెద్దవి చేసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అన్నదమ్ముల్లో ఎవరి దవడ ఎక్కువ ముందుకొచ్చిందో నాకు రాయండి. మీ నానమ్మ అన్నదే అంటుంది, నేను తమ్ముడిదే అంటాను.

మీ తాతయ్య